అరవై ఒకటో పాఠం నుంచి

చెల్లీ నూకరత్నం,

నా రాత చూసి నవ్వకు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో చేతికి తెలియదు, తోచిన చోట పెట్టేస్తుంది. ఇది మంచి కాగితం కూడా కాదు, విత్తనాల సంచుల లోపల వేసే అట్ట. జిడ్డు ఉన్నచోట కలం జారింది, అక్షరాలు వంకర పోయాయి. తప్పులు నువ్వే దిద్దుకుని చదువు.

నువ్వు నన్ను చూడలేదు. నేను మాణిక్యాన్ని, నీకు కాబోయే తోటికోడలిని. మా మరిదితో నీ సంబంధం ఖాయమైందనీ, వచ్చే వసంతం పడవలో నిన్ను ఇక్కడికి, ఈ రష్యా మంచునేలలో మన వరి రైతుల పదకొండో క్యాంపుకి, తీసుకొస్తారనీ అత్తగారు చెప్పారు. రాగానే నీ చేతిలో ఒక డబ్బా పెడతారు. అందులో అరవై రష్యన్ పాఠాలు ఉంటాయి, చెవికి పెట్టుకుని వినాలి. మగవాళ్ళకైతే పాఠాలు అక్కర్లేదు. వాళ్ళకి మమ్మల్ని తెచ్చిన కంపెనీ చెవిలో పోగు, మెడలో బిళ్ళ ఇస్తుంది. ఇక్కడివాళ్ళు రష్యన్‌లో మాట్లాడితే పోగు తెలుగులో చెబుతుంది. మనవాళ్ళు తెలుగులో మాట్లాడితే బిళ్ళ రష్యన్‌లో పలుకుతుంది. ఆడవాళ్ళకి పోగులు చాలలేదు కాబట్టి పాఠాలు.

నా డబ్బా అరవయ్యో పాఠంతో అయిపోయింది. తర్వాతివాటికి నేనే అంకెలు వేసుకున్నాను, రోజుకి ఒక పాఠం. అందులో నీకు అవసరమైనవి మాత్రం కింద రాస్తున్నాను.

61

నిన్న డబ్బాలో గొంతు "అభినందనలు, ఇప్పుడు మీరు రష్యన్ మాట్లాడగలరు" అంది. ఆ తర్వాత గాలి శబ్దం. మళ్ళీ నొక్కితే మొదటి పాఠం వచ్చింది.

అరవై పాఠాల్లో ఒక మగమనిషీ ఒక ఆడమనిషీ హోటలుకి వెళ్తారు, నాటకానికి టిక్కెట్లు అడుగుతారు, ఒకరి టోపీ ఒకరు మెచ్చుకుంటారు. ఇక్కడ హోటలు లేదు, నాటకం లేదు, నాలుగు దిక్కులా మంచు కరిగిన బురదే. నేను నోరు విప్పకపోయినా "చాలా బాగా చెప్పారు" అనేది ఆ గొంతు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. మిగతా ఆడవాళ్ళు తొమ్మిదో పాఠంలోనే ఆపేసి డబ్బా మూతల్లో పోపుగింజలు పోసుకున్నారు.

నేను ఆపలేదు. ఎందుకంటే చెప్పలేను. సిగ్గరిదాన్ని, మన భాషలోనే నలుగురిలో మాట్లాడను. అందుకేనేమో, ఎవరూ లేనప్పుడు వేరే భాషలో మాట్లాడుకోవడం హాయిగా ఉండేది. పొద్దున్నే వైర్‌లెస్‌లో ఏటి మట్టం, గాలి, వాన చెబుతారు. గేదె పాలు పితుకుతూ అది వింటాను. కొత్త మాట దొరికితే అట్ట మీద తెలుగు అక్షరాల్లో రాస్తాను. కలుపు తీస్తూ నన్ను నేనే తెలుగులో ఒక ప్రశ్న అడుగుతాను, డబ్బా ఆగినట్టే నాలుగు అంకెలు లెక్కపెట్టి, రష్యన్‌లో జవాబు చెబుతాను.

"ఏమేవ్, వరితో కబుర్లేంటే నీకు?" అంటారు అత్తగారు. "మొగుడితో చెప్పుకోవచ్చు గదా."

ఆవిడ పేరు బుల్లెమ్మ. నోరు పెద్దది.

64

ఇక్కడ వేసవిలో చీకటి పడదు. డెబ్బై రోజుల వరి, నిద్రపోని సూర్యుడు, అందుకే పైరు పరుగెడుతుంది. అయినా ఈ ఏడు పొలం పాలిపోయింది. మీ బావగారు త్రిమూర్తులు ఒక ఉపాయం కనిపెట్టారు. మన తాతలు వేసవిలో చెరువు మట్టి తోలి పొలానికి వేసేవారు గదా, ఇక్కడా అలాగే చేద్దామన్నారు. క్యాంపు వెనక నల్లగుంట ఉంది. మంచు కరిగి ఈ ఏడే తేలింది. అందులో మట్టి కాటుకలా నల్లగా, మెత్తగా, వెన్నలా జారుతుంది. క్యాంపు మగవాళ్ళంతా ఆయన్ని మెచ్చుకున్నారు.

ఆ కంపు రాయడానికి నాకు మాటలు చాలవు. చచ్చిన ఎలుక వాసనలో ఏదో తియ్యదనం కలిపినట్టు ఉంటుంది. గంపల్లోంచి కారే నీటి మీద కొవ్వు తెట్టె కడుతుంది. మట్టి ముద్దల్లో గోధుమరంగు వెంట్రుకలు. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే ఆయన నవ్వారు.

"కంపు కొడితేనే బలవే పిచ్చిదానా. మా తాతుంటే కళ్ళకద్దుకునేవోడు."

గుంటకి అవతల గట్టు మీద మేకలున్న ముసలమ్మ ఒకతె ఉంటుంది. ఇక్కడి మనిషే. మనవాళ్ళు మేకల మామ్మ అంటారు, నేను అప్పుడప్పుడు ఆవిడ దగ్గరికి వెళ్తుంటాను. ఆవిడ ఇవాళ పరుగెత్తుకొచ్చి, కర్ర ఊపుతూ, గొంతు చిరిగేలా అరిచింది. మగవాళ్ళు చేతులు జోడించి నవ్వుతూ నిలబడ్డారు.

"ఏవంటంది?" అని అడిగారు అత్తగారు.

మీ బావగారు పోగు మీద వేలు పెట్టుకుని విన్నారు. "'రైతు సోదరులారా, మీ కష్టం చూస్తే ముచ్చటగా ఉంది, ఈ నేల మీకు కలిసి రావాలి' అంటంది."

"మరా కర్రేంట్రా?"

"వీళ్ళ దీవెనలు అలాగే ఉంటాయేమోనే అమ్మా."

నాకు అందులో నాలుగు మాటలు తెలిశాయి. 'నెల్జ్యా' అంటే కూడదు. అది ముప్పై ఒకటో పాఠంలో, నాటకం హాల్లో చుట్ట కాల్చకూడదు అన్నచోట ఉంది. తవ్వడం అనే మాట ఆవిడ బంగాళాదుంపలు తవ్వుతుంటే నేర్చుకున్నాను. మంచు జింక బొమ్మ ఆవిడ కేలెండరు మీద చూశాను. నాలుగోది 'చచ్చిన'. ఆవిడ కోడి చచ్చిన రోజు విన్నాను.

66

భోజనాల దగ్గర మెల్లగా చెప్పాను. "ఏవండీ, ఆవిడ దీవించలేదండి. తవ్వొద్దంది. అక్కడ జింకలు చచ్చాయంది."

ఆయన ముద్ద ఆపి నన్ను చూశారు. ఆయన గోళ్ళ కింద నల్లగుంట మట్టి ఇంకా ఉంది.

"నా చెవిలో తెలుగులో చెప్పిందే. అచ్చమైన తెలుగు, రేడియోలో చెప్పినట్టు. నీకేమో డబ్బా చెప్పిందా?"

ఆయన అక్కడితో ఊరుకుంటే బాగుండేది. సాయంత్రం అందరి ముందూ చెప్పేశారు. క్యాంపు పెద్ద భద్రయ్యగారు కూడా గడ్డం నిమురుకుంటూ నవ్వారు.

"అమ్మాయ్, డబ్బాలో హోటలు పాఠం బాగా వంటబట్టినట్టుంది. మాకు రెండు టీలు చెప్పు చూద్దాం, రష్యన్‌లో!"

అందరూ నవ్వారు. నాకు చెవులు కాలాయి. వంటపాకలోకి పోయి బియ్యం ఏరాను, ఏరినవే మళ్ళీ ఏరాను.

70

సగ్గుబియ్యం వడియాలు పట్టుకుని మేకల మామ్మ ఇంటికి వెళ్ళాను. మీ బావగారికి చెప్పలేదు. ఆవిడ గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది, మోచేతుల దాకా. దేనికోసమో నాకు తెలియలేదు. తర్వాత సబ్బు ఇచ్చి కడుక్కోమంది, మూడుసార్లు.

నాకు అర్థమయ్యేలా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. ఆవిడ పిల్లగా ఉన్నప్పుడు ఒక వేసవి జింకలు వందలకొద్దీ చచ్చాయి. నిలబడ్డవి నిలబడ్డట్టే కూలాయి. ట్రాక్టర్లతో వాటిని గుంటలోకి నెట్టారు. మంచు మూసేసింది. ఇప్పుడు మంచు లేదు. ఆవిడ ఒక మాట మళ్ళీ మళ్ళీ అంది, 'యాజ్వ'. నాకు తెలియదన్నాను. ఆవిడ చొక్కా చెయ్యి పైకి లాగింది. ముంజేతి మీద రూపాయంత గుంట, చర్మం ముడుచుకుపోయి, నిప్పుతో కాల్చినట్టు. ఆ గుంట మీద నా వేలు పెట్టించింది. "మా అన్నకి మెడ మీద" అంది. ఆ అన్న ఏమయ్యాడని నేను అడగలేదు. ఆవిడే వేలితో నేల కిందికి చూపించింది.

మగవాళ్ళకి చెప్పానని, నవ్వారని చెప్పాను. ఆవిడకి కోపం వచ్చింది. ఆ కోపంలో నేర్పిన తిట్లు డబ్బాలో లేవు. ముసలి మేకపోతు అనడం ఇక్కడ పెద్ద తిట్టట. మేకలు కాసుకునే మనిషి నోట ఆ తిట్టేమిటో మరి.

73

మూడు రోజుల నుంచి నాకు 'యాజ్వ' అంటే తెలుసు, జింకలనీ మనిషినీ చంపిన రోగం. నేను ఎవరికీ చెప్పలేదు.

ఈ మాట రాయాలంటే నా మీద నాకే రోత. చెప్పబోతాను, రెండు టీలు గుర్తొస్తాయి, నోరు మూసుకుంటాను. ఆయనకి నీళ్ళు తోడి పెడతాను, "సబ్బు బాగా రాయండి" అంటాను, అంతే. నా చేతులు మాత్రం మామ్మ చెప్పినట్టు మూడుసార్లు కడుగుతాను. అంటే నన్ను నేను కాపాడుకుంటూ వాళ్ళని ఊరికే చూస్తున్నాను. ఇంతకన్నా అసహ్యమైన పని ఉందా?

అత్తగారు గుంట మట్టిని జల్లించి ఆనపపాదుకీ, గోంగూర మడికీ వేశారు. ఉట్టి చేతులతో, ముద్దలు చిదిపి, వెంట్రుకలు ఏరి పారేస్తూ. అదే చెయ్యి కడిగీ కడగనట్టు కడిగి నాకు ముద్దపప్పు వడ్డించారు. నేను లేచి బయటికి పోయి వాంతి చేసుకున్నాను.

ఆవిడ మురిసిపోయారు. "ఎన్నో నెలే?"

ఏ నెలా కాదు. ఆ సంగతీ చెప్పలేకపోయాను.

మగవాళ్ళు ఇప్పుడు రోజూ కావాలనే మామ్మ గట్టు దగ్గర ఆగుతున్నారు. ఆవిడ అరుస్తుంది, ఏడుస్తుంది, వీళ్ళు కళ్ళు సగం మూసుకుని, తల ఊపుతూ, పొగడ్తలు వింటారు. మీ బావగారి మొహంలో ఆ చిరునవ్వు చూశాను. పెళ్ళిలో కూడా ఆయన అంత తృప్తిగా నవ్వలేదు.

79

గేదె చచ్చిపోయింది. మట్టి కుప్ప పక్కన గడ్డి మేసింది నిన్న. ఇవాళ పాలు పితకడానికి వెళ్తే పక్కకి పడి ఉంది, పొట్ట ఉబ్బి. ముక్కులోంచి రక్తం నల్లగా, గడ్డకట్టకుండా, తారులా కారుతోంది. ఈగలు.

అత్తగారు చూసి రెండడుగులు వెనక్కి వేశారు. "దొమ్మ" అన్నారు. "మా అమ్మ చెప్పేది, దొమ్మొస్తే పశువులు ఇలాగే పోతాయని. ముట్టుకోకండ్రా."

'యాజ్వ'కి తెలుగు మాట దొరికింది.

భద్రయ్యగారు ఒప్పుకోలేదు. "ఎండదెబ్బ వదినా. రాత్రి లేకపోతే పశువుకి పడదు." తోలు వలుద్దామన్నవాళ్ళు కూడా ఉన్నారు. నేను అత్తగారి వెనక నిలబడి ఆవిడ కొంగు పట్టుకుని లాగాను. ఆవిడే అరిచి గోల చేసి ఎవరినీ ముట్టనివ్వలేదు. తాళ్ళు కట్టి ఈడ్చి, ఎక్కడికి తోశారనుకున్నావ్? ఆ గుంటలోకే.

82

అత్తగారి కుడి ముంజేతి మీద పొక్కు. మూడు రోజుల నుంచి ఉందట, దోమ కుట్టిందనుకున్నారట. ఇప్పుడు నడుమ బొగ్గులా నల్లగా మాడు కట్టి, చుట్టూ చెయ్యంతా ఉబ్బింది. నొప్పి లేదంటారు. జ్వరం కాలిపోతోంది. మీ బావగారికి మెడ మీద, గంప ఆనే చోట, ఎర్రగా ఒకటి లేచింది. ఆయన దాన్ని గోకుతున్నారు. మామ్మ వాళ్ళ అన్నకి కూడా మెడ మీదే.

భద్రయ్యగారు వైర్‌లెస్ పాకలో కూర్చుని రేవు ఊరి ఆసుపత్రికి చెప్పారు. నేను టీ పట్టుకెళ్ళాను, గుమ్మంలో ఆగాను. ఆయన తెలుగులో ఏమన్నారో రాస్తున్నాను: "మా ముసలావిడ చెయ్యి నల్లబడిపోయింది బాబూ, కాలిపోతంది, చచ్చిపోయేలాగుంది, తొందరగా రండి."

మెడలో బిళ్ళ అదే మాటని రష్యన్‌లో పలికింది. నెమ్మదిగా, మర్యాదగా పలికింది, నా డబ్బా గొంతులాగే. ప్రతి మాటా నాకు తెలిసిన మాటే: "నమస్కారం. మా క్యాంపులో అంతా బాగున్నాం. ఒక పెద్దావిడకి చేతి మీద చిన్న గీత పడింది. మీ శ్రద్ధకి కృతజ్ఞతలు."

అవతలివాళ్ళు సంతోషమన్నారు. కట్టేశారు.

"వస్తారంట అమ్మాయ్. 'తప్పకుండా చూసుకుంటాం' అన్నారు" అని భద్రయ్యగారు టీ అందుకున్నారు.

గ్లాసు నా చేతిలోంచి ఆయన చేతిలోకి మారుతుండగా నాకు తెలిసింది. వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ పోగు మామ్మ మాటలే మారుస్తోందనుకున్నాను. బిళ్ళ మన ఏడుపుని కూడా ఇలాగే తీపి చేసి పంపుతోంది. ఎన్నాళ్ళ నుంచో. క్యాంపులో పోయినేడు ఇద్దరు జ్వరంతో పోయారు. అప్పుడూ ఆసుపత్రికి చెప్పామన్నారు.

"రారండి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆయన మళ్ళీ అడిగేలోపు ఇంటికి పరుగెత్తాను. అత్తగారి మంచం మీద కూర్చుని మొత్తం చెప్పాను. గుంట, జింకలు, మామ్మ చెయ్యి, బిళ్ళ. పన్నెండు రోజులు నోరు మూసుకున్నానని కూడా చెప్పాను. కొడతారనుకున్నాను.

ఆవిడ నా వైపు తిరిగారు. "వాంతి అందుకా?" అన్నారు.

"అందుకే అత్తా."

"ఛీ, దరిద్రం. మనవడనుకున్నాను." చెయ్యి చాచి, "పద, నన్ను లేపు" అన్నారు.

82, సాయంత్రం

అత్తగారిని నేనూ పక్కింటావిడా పట్టుకుని వంటపాకలో బల్ల మీద కూర్చోబెట్టాం. మగవాళ్ళంతా ఉన్నారు. ఆవిడ చెయ్యి చూసి అందరూ మొహాలు తిప్పుకున్నారు.

"నా కోడలు చెబుతుంది, ఇనండి" అన్నారు.

నేను నేల చూస్తూ చెప్పాను. సగం చెప్పేసరికి మీ బావగారు లేచారు. "మళ్ళీ మొదలెట్టేవా? పోగు అబద్ధం చెబుతందా? కంపెనీవోడు ఊరికే ఇచ్చేడా?"

వాదించడం నాకు చేతకాదు. అందుకని అత్తగారి వైపు తిరిగాను. "అత్తా, భద్రయ్యగారిని ఏమని తిట్టమంటారో నా చెవిలో చెప్పండి. నేను రష్యన్‌లో అంటాను. ఆయనకి ఏం వినబడిందో ఆయన్నే చెప్పమందాం."

అత్తగారి కళ్ళు ఆ జ్వరంలో కూడా మెరిశాయి. నా చెవి దగ్గర గుసగుసగా అన్నారు: "ఈ ముసలి దున్నపోతు నన్ను చంపేస్తున్నాడు అను."

"దున్నపోతుకి మాట తెలీదత్తా. మేకపోతు అంటే పర్లేదా?"

"ఏదో ఒక పోతు. కానియ్."

భద్రయ్యగారి ఎదురుగా నిలబడ్డాను. పెద్దాయన ముందు అలా తలెత్తి నిలబడటం నాకు జన్మలో మొదటిసారి. అనేశాను.

భద్రయ్యగారు పోగు సర్దుకుని, తల ఊపి, మొహం విప్పార్చి అన్నారు: "మంచి మాటే అంది. 'మీలాంటి పెద్దలుండటం మా అదృష్టం' అంది."

అత్తగారు పగలబడి నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. "నేననమంది అది కాదు భద్రయ్యా!" అని, ఏమనమన్నారో అందరికీ వినబడేలా చెప్పారు.

ఎవరూ నవ్వలేదు. భద్రయ్యగారి చెయ్యి గడ్డం మీద అలాగే ఉండిపోయింది.

"తిట్లు మాత్రవే తీసెయ్యమన్నాం" అన్నారాయన. "ఆ ఏడు కాలవ దగ్గర ఇక్కడి ఊరోళ్ళతో తలలు పగిలేయి గదా. గొడవలొద్దు, మాట మర్యాదగా ఉండేలా పెట్టమని కంపెనీకి మేవే రాసిచ్చేం. తిట్లు మాత్రవే."

తెలిసే పెట్టించుకున్నారన్నమాట. అది వినగానే గుంట కంపు అంతా ఆ పాకలోకి వచ్చినట్టనిపించింది.

మీ బావగారు ఇంకా నమ్మలేదు. నా దగ్గరికొచ్చారు. "ఏదీ, నాతో అను. నీకు తోచింది అను."

నాకు వచ్చినవి చిన్న చిన్న మాటలే. వాటితోనే ఆయన కళ్ళలోకి చూసి అన్నాను.

"ఏం వినబడింది?" అన్నారు అత్తగారు.

ఆయన మెల్లగా చెప్పారు. "'నీ చేతి అన్నం తింటున్నందుకు సంతోషం' అంది."

"నేనన్నది వేరు" అన్నాను తెలుగులో. "మీ చేతులు చూస్తే నాకు రోత. ఆ ముసలావిడ ఏడుస్తుంటే మీరు నవ్వేరు. మీ నవ్వు చూస్తే అంతకన్నా రోత."

అందరి ముందూ అనేశాను, చెల్లీ. ఆయన పోగు పీకి బల్ల మీద పెట్టారు, మిగతావాళ్ళూ పెట్టారు. తర్వాత భద్రయ్యగారు మెడలో బిళ్ళ తీసి పక్కన పెట్టి, వైర్‌లెస్ పాక వైపు నాకు దారి ఇచ్చారు.

మీట నొక్కాను. నాలుగు అంకెలు లెక్కపెట్టాను. నమస్కారాలు, టోపీలు, అన్నీ వదిలేసి అన్నాను: "ఇక్కడ యాజ్వ. మేము గుంట తవ్వాం. చచ్చిన జింకలు. గేదె చచ్చింది. ఇద్దరికి జబ్బు. అంతా బాగా లేదు. అంతా బాగా లేదు."

మీట వదిలాను. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, గబగబా. ఏమీ తెలియలేదు. నాలుగో పాఠంలో ఒక మాట ఉంటుంది, 'మెద్లెన్నెయే, పజాలుస్తా'. నెమ్మదిగా చెప్పండి దయచేసి అని. అరవై పాఠాల్లో నాకు పనికొచ్చింది ఆ ఒక్కటే. అది అన్నాను. ఆవిడ నెమ్మదిగా, ఒక్కొక్క మాటే, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఎవరినీ ముట్టుకోవద్దు. నీళ్ళు మరిగించండి. వస్తున్నాం.

87

మర్నాడే వచ్చారు. తెల్లని ముసుగులు, పొడవాటి తొడుగులు. అందరికీ సూదులు వేశారు. అత్తగారినీ మీ బావగారినీ రెండు రోజులు వేరే గుడారంలో ఉంచి మందు ఎక్కించారు. గుంట మీద తెల్లని పొడి పోసి తీగ కట్టారు. పొలంలో సగం పైరు కాల్చేశారు. ఆనపపాదు కూడా. ఆ పొగ కంపు మూడు రోజులైనా జుట్టులోంచి పోలేదు.

అత్తగారు బతుకుతారన్నారు. చేతి మీద గుంట మిగులుతుందట, మామ్మకి ఉన్నట్టే.

వాళ్ళ వెనకే కంపెనీ మనిషి వచ్చాడు. శుభ్రమైన బూట్లు. మగవాళ్ళని వరసగా నిలబెట్టి మాట్లాడాడు. బల్ల మీది పోగులు అప్పటికే చెవుల్లోకి వెళ్ళిపోయాయి, అతని మాట వినాలి గదా అని. మగవాళ్ళు తలలు ఊపారు. "మనల్ని మెచ్చుకుంటన్నాడు" అని ఎవరో అన్నారు.

అతను రష్యన్‌లో అన్నది ఇది: "ఈ ఆడదానికి ఎవరు నేర్పారు? ఆ మేకల ముసలిదేనా? దానికి ఈ నేల మీద ఉండటానికి కాగితం ఉందా?"

తర్వాత నా ముందుకొచ్చి అదే అడిగాడు. నేను నేల చూశాను. సిగ్గరిగా ఉండటం నాకు మొదటిసారి అక్కరకొచ్చింది. రెండో పాఠంలో మాట అన్నాను: "నాకు రష్యన్ కొంచెమే వచ్చు. డబ్బా విని నేర్చుకున్నాను. ధన్యవాదాలు."

"చాలా బాగా చెప్పారు" అన్నాడు వాడు, అచ్చు డబ్బాలాగే.

91

కంపెనీవాళ్ళు పోగులన్నీ పట్టుకెళ్ళి, బాగు చేశామని తిరిగి ఇచ్చారు. ఇక నుంచి ప్రమాదమైతే నిజం చెబుతాయట. మగవాళ్ళందరూ పెట్టుకున్నారు. మీ బావగారి మెడ మీద కట్టు ఇంకా ఉంది, పైన చెవిలో పోగు.

"ఇది లేకపోతే వీళ్ళ మధ్య చెవిటోళ్ళలాగుందే" అన్నారు. "ఇప్పుడు బాగు చేసేరంట గదా."

ఆయన గుమ్మంలో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నారు. నేను బియ్యం కడుగుతూ, తల ఎత్తకుండా, ఆ రోజు పాకలో అన్న మాటనే రష్యన్‌లో మళ్ళీ అన్నాను. మీ చేతులు చూస్తే నాకు రోత. మీ నవ్వు చూస్తే అంతకన్నా.

ఆయన నవ్వారు. "నేనూ జాగ్రత్తగానే ఉంటాలే" అన్నారు ప్రేమగా.

పొద్దున అత్తగారు కట్టు చేత్తో నా డబ్బా తీసి, పోపుగింజల మధ్య దాని మూత వెతికి తెచ్చి, నా పక్కన కూర్చున్నారు. "నమస్కారాలు తర్వాత. ముందు ఆ పోతు మాట నేర్పు" అన్నారు. మేమిద్దరం ఇప్పుడు కలుపు తీస్తూ నాలుగు అంకెలు లెక్కపెట్టుకుంటున్నాం.

చెల్లీ, ఈ అట్టల వెనక ఐదు వాక్యాలు తెలుగు అక్షరాల్లో రాశాను. ఒకటి: అంతా బాగా లేదు. రెండు: ఒక మనిషి చచ్చిపోతోంది. మూడు: ఇక్కడ తవ్వకూడదు. నాలుగు: నెమ్మదిగా చెప్పండి. ఐదోది మేకపోతు. పడవ ఎక్కేలోపు అవి నోటికి రావాలి. నువ్వు వచ్చేటప్పటికి ఆడవాళ్ళకి కూడా పోగులు ఇస్తారట, చాలా మర్యాదగా ఇస్తారు. చెవి నొప్పి అని చెప్పి వద్దను. డబ్బా అడుగు, అరవయ్యోది అయ్యాక నా దగ్గరికి రా.

మా క్యాంపులోంచి పురిటికి ఊరు వెళ్తున్న ఆదెమ్మ చీరల మధ్య వీటిని పెట్టి పంపుతున్నాను. నోటికి వచ్చిన రోజే అన్నిటినీ పొయ్యిలో పెట్టు. నా మొగుడిని నేను అన్న మాటలకి జంకి చెప్పడం లేదు, అవి ఆయన మొహం మీదే అన్నాను. మేకల మామ్మ పేరు ఎక్కడా రాయలేదు గానీ, ఈ చుట్టుపక్కల మేకలున్న ముసలమ్మ ఆవిడ ఒక్కతే. కంపెనీ మనిషి ఇంకా అడుగుతూనే ఉన్నాడు. జిడ్డు అట్ట గదా, తొందరగా అంటుకుంటుంది. పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడి చూడు.